మిగతా ఏడు బిట్ల సంగతి

మాది మొయినాబాద్. చిన్నాయన వాళ్ళ టమాట తోట చేవెళ్ళ అవతల. పోయిన ఎండాకాలం సెలవుల్లో "పొద్దున్నే లేచి వాల్వులు తిప్పే పని నీకు లేకుండా చేస్తా చిన్నాయనా" అని నేనే ముందుకొచ్చి చెప్పాను. బిట్‌వైజ్ ఆపరేటర్ల ప్రశ్నకి ఐదుకి ఐదు తెచ్చుకున్నవాణ్ణి కదా, ఆ ధైర్యం.

ఆర్డుయినో ఊనోలో ఉండే ఏటీమెగా328పీ చిప్‌లో పోర్ట్‌బి అని ఒక రిజిస్టర్ ఉంది. అందులో ఎనిమిది బిట్లు. వాటిలో ఆరు, బోర్డు మీద 8 నుంచి 13 దాకా ఉన్న పిన్నులకి స్విచ్చుల్లాంటివి. 1 రాస్తే ఆన్, 0 రాస్తే ఆఫ్. 0వ బిట్‌కి మోటర్ స్టార్టర్ రిలే, 1, 2, 3 బిట్లకి మూడు డ్రిప్ వాల్వుల రిలేలు కలిపాను.

ఆ రోజు మోటర్ నడుస్తోంది, మొదటి రెండు వాల్వులు తెరిచి ఉన్నాయి. రిజిస్టర్‌లో 00000111. ఒకటో వాల్వు మాత్రమే మూయాలి. నేను రాసింది: పోర్ట్‌బి = 1. మోటర్ ఆన్‌లో ఉండాలి కదా అని అంతవరకే ఆలోచించాను. కానీ ఆ = గుర్తు ఒక్క బిట్‌ని మార్చదు, ఎనిమిదింటినీ కొత్తగా రాసేస్తుంది. రెండో వాల్వు కూడా మూసుకుంది. మోటర్ తోస్తూనే ఉంది, నీళ్ళకి దారి లేదు. బోరు దగ్గర పైపు జాయింట్ ఊడి, చిన్నాయన అంగీ మొత్తం తడిసింది.

"ఒక్కటి బంద్ చెయ్యిరా అంటే అన్నీ బంద్ చేస్తివేందిరా?"

నా ఐదు మార్కుల జవాబులో లేని మాట అదే. మిగతావి ముట్టుకోకు.

సాయంత్రం మర్రిచెట్ల రోడ్డు మీద బస్సులో తల దించుకునే ఇంటికొచ్చాను. అమ్మ అప్పుడే చిలుకూరు నుంచి వచ్చింది. నాకు సీటొస్తే 108 ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకుందట. లెక్క తప్పకుండా టిక్కులు పెట్టుకున్న నంబర్ల కార్డు టేబుల్ మీద ఉంది. 41వ గడిలో టిక్కు పెట్టేటప్పుడు ముందున్న 40 టిక్కులూ చెరిగిపోవు కదా! ఆర్ చేసే పని అదే. (ఆ కార్డు చిప్‌లో 14 బైట్లలో సరిపోతుంది. గడికో ఇంట్ పెడితే 216. మొత్తం ర్యామే 2048 బైట్లు.)

మరి ఒక్క టిక్కే చెరపాలంటే? అండ్. 11111101 అనే మాస్కుతో అండ్ చేస్తే, 0 ఉన్నచోట ఆరిపోతుంది, 1 ఉన్నచోట ఏదుంటే అదే మిగులుతుంది. 00000111 కాస్తా 00000101 అయింది. మోటర్ ఉంది, రెండో వాల్వూ ఉంది.

ఆదివారం మళ్ళీ పోయి కొత్త కోడ్ ఎక్కించాను. ఒకటో వాల్వు మూసుకుంది, రెండో వరసలో చుక్కలు పడుతూనే ఉన్నాయి. చిన్నాయన ఏమీ అనలేదు. కానీ ఇప్పటికీ వాల్వు మారే టైముకి స్టార్టర్ పక్కనే నిలబడతాడు, బంద్ బటన్ మీద వేలు పెట్టుకుని.