తాత దీపము

నందికొండవద్ద కృష్ణపై ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. లక్షల ఎకరములు పచ్చనైనవి. మా తాత పొలము మాత్రము జలాశయమున మునిగెను. ఆయన ప్రతిసంధ్యయు ఊరి శివాలయమున దీపము పెట్టుచు, ఒరుల గట్టును జానెడైనను జరుపక బ్రతికినవాడు. పొరుగువాడొకడు దొంగ కాగితములు చూపి, లేని తోటకు సైతము పరిహారము పొంది, పట్టణమున మేడ కట్టెను.

నేనుండబట్టలేక, "తాతా, ఇన్నాళ్లు దీపము పెట్టిన నీకేమి దక్కినది?" అని అడిగితిని.

"పొలము కొఱకు పెట్టితినా, బిడ్డా?" అని ఆయన నవ్వెను.

ఆ మాట నాకు తృప్తి నీయలేదు. నిజము చెప్పవలెనన్న, ఇప్పటికిని పూర్తిగా నీయలేదు.

పెద్దవాడనైన పిదప నావలో నాగార్జునకొండకు పోయితిని. ఇక్ష్వాకుల విజయపురియు ఆ నీటిక్రిందనే ఉన్నది. మూడవ శతాబ్దమున రాజసోదరి చాంతిసిరి అచటి మహాచైత్యమున స్తంభము నెత్తించి, తనవారికి ఉభయలోకములందును సుఖమును కోరుచు శాసనము వ్రాయించెను. నాల్గవ శతాబ్దమున ఆ రాజ్యమే అంతరించెను. ఆమెయు బేరమాడలేదు కాబోలు!

మా క్రొత్త ఊరిలో గుడి లేదు. చేరిన నాటి సంధ్యనే తాత గుడిసె ముందొక రాయి నిలిపి, అరువు నూనెతో దీపము వెలిగించెను. గాలికది రెండుమారులు ఆరెను. మూడవమారు నేను చేతులు అడ్డుపెట్టితిని.