ముద్ర ఉన్నంత మాత్రాన



మన తెలుగు బడుల కష్టసుఖాలను గూర్చి రాసేటప్పుడు తప్పు ఎప్పుడూ ఇతరులదే అయినట్లు రాయడం సులభం. ఈసారి నా తప్పునే మీ ముందుంచుతున్నాను. ఇది మరొక ఇంట జరగకూడదన్నదే నా ఉద్దేశం.

2019 చివరి నెలల మాట. మా హోసూరు ప్రాంతంలో గులాబీలు పండించే ఒక రైతు ఒక ఆదివారం ఉదయం మా ఇంటికి వచ్చాడు. ఆయన కుమార్తె నా విద్యార్థిని. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, తరువాత ఆంగ్లంలో పట్టభద్రురాలై, ఆ ఏడే పై చదువుకు ఇంగ్లండు వెళ్ళింది. ఆ అమ్మాయి తండ్రి ఫోనుకు ఒక వెబ్‌సైటు చిరునామా పంపి, రాత పనిలో సాయం చేసేవారట, ఇరవై నాలుగు వేల రూపాయలు కావాలని అడిగిందట. ఆయనకు ఆంగ్లం రాదు. ఫోను నా చేతికిచ్చి, "అయివారూ, దీంట్లో ఇన్ని ముద్రలుండాయి కదా, నమ్మొచ్చునా?" అని అడిగాడు.

నేను చూశాను. పుట అడుగున బంగారు రంగులో, పచ్చరంగులో ఆరేడు ముద్రలు వరుసగా ఉన్నాయి. ఒకదానిపై కవచం బొమ్మ, ఒకదానిపై తాళం బొమ్మ. నూటికి నూరు పాళ్ళు భద్రమని ఒకటి, నచ్చకపోతే సొమ్ము వాపసు అని మరొకటి. పదిహేనేళ్ళ అనుభవమట. నవ్వుతున్న విద్యార్థుల ఛాయాచిత్రాల కింద అయిదేసి నక్షత్రాలు. చిరునామా పక్కన తాళం గుర్తు కూడా కనిపించింది. "నమ్మవచ్చును" అన్నాను. ఆయన ఆ సాయంత్రమే సొమ్ము పంపాడు.

ముద్రలు లెక్కపెట్టే తొందరలో మొట్టమొదట అడగవలసిన ప్రశ్నను నేను అడగనే లేదు. ఆ పిల్ల రాయవలసిన వ్యాసాన్ని మరొకరెందుకు రాయాలి? ఇప్పుడాలోచిస్తే ఆ ముద్రల అసలు పని అదేననిపిస్తుంది. "ఈ పని మంచిదా?" అన్న ప్రశ్నను పక్కకు నెట్టి, "ఈ అంగడి భద్రమా?" అన్న ప్రశ్నను మన ముందు పెడతాయి. దానికి జవాబును కూడా అవే చెప్పేస్తాయి.

వారం తరువాత వచ్చిన వ్యాసం అతుకుల బొంత. అడిగిన విషయం ఒకటి, రాసినది మరొకటి. అమ్మాయి దానిని సమర్పించక సొమ్ము వాపసు అడిగింది. వారు వాపసు ఇవ్వలేదు సరికదా, మరికొంత చెల్లించకుంటే నీవు వ్యాసం కొన్న సంగతి నీ విశ్వవిద్యాలయానికి రాస్తామని బెదిరించారు. పేరు, కళాశాల, చదువు వివరాలన్నీ ఆమే వారికి ఇచ్చి ఉంది. ఆ రాత్రి ఆమె నాకు ఫోను చేసి ఏడ్చిన ఏడుపు నాకింకా జ్ఞాపకమే.

అప్పుడు తీరికగా కూర్చుని ఆ వెబ్‌సైటును పరీక్షించాను. ముందే చేయవలసిన పని. నిజమైన ముద్రను నొక్కితే, ఆ ముద్ర ఇచ్చిన సంస్థ వారి సొంత పుట తెరుచుకుని, ఫలానా వెబ్‌సైటుకు మేము దీనిని ఇచ్చాము, ఫలానా తేదీ వరకు చెల్లుతుందని చెప్పాలి. ఇక్కడ ఏ ముద్రను నొక్కినా ఏదీ తెరుచుకోలేదు. అవి వట్టి బొమ్మలు. చిరునామా ఎప్పుడు నమోదయిందో చూస్తే ఎనిమిది నెలలు మాత్రమే అయింది. మరి పదిహేనేళ్ళ అనుభవం ఎక్కడిది? నవ్వుతున్న ఆ ముఖాలలో ఒకటి మరొక వెబ్‌సైటులో వేరే పేరుతో పళ్ళపొడిని మెచ్చుకుంటూ కనిపించింది. పైన పటారం, లోన లొటారం.

ఇక తాళం గుర్తు. మనం పంపే సమాచారం దారిలో ఇతరులు చదవకుండా గూఢలిపిలో వెళుతుందని మాత్రమే దాని అర్థం. అవతల కూర్చున్నది దొరా దొంగా అన్నది అది చెప్పదు. దొంగ కూడా తన తలుపుకు మంచి తాళం వేసుకోగలడు. ఈ భ్రమ నా ఒక్కడిదే కాదు. 2021లో గూగుల్ వారు పరిశీలించినప్పుడు, పాల్గొన్నవారిలో ఆ గుర్తు సరియైన అర్థం తెలిసినవారు నూటికి 11 మందే. అందుకే 2023లో క్రోమ్‌లో ఆ తాళం బొమ్మను తీసివేసి మరొక గుర్తు పెట్టారు.

నకిలీ ముద్రల సంగతి సరే, అసలు ముద్రలైనా గట్టివేనా? అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2010లో కంట్రోల్‌స్కాన్ అనే సంస్థపై చర్య తీసుకుంది. ఆ సంస్థ ముద్రలపై ప్రతిరోజూ ఆనాటి తేదీ కనిపించేది, కాని ప్రతిరోజూ పరీక్ష జరిగేది కాదు. 2014లో ట్రస్ట్‌ఇ అనే మరొక పేరున్న సంస్థ వంతు వచ్చింది. ఏటేటా తిరిగి పరీక్షిస్తామని చెప్పి, 2006 నుండి 2013 వరకు వెయ్యికి పైగా సందర్భాలలో పరీక్షించలేదని కమిషన్ ఆరోపించింది. 2,00,000 డాలర్లు చెల్లించడానికి ఆ సంస్థ ఒప్పుకుంది. ముద్ర విలువ దాని వెనుక నిలబడి జవాబు చెప్పేవాడి విలువను మించదు.

అమ్మాయికి నేను చెప్పినది ఒకటే. బెదిరించేవాడికి మరొక పైసా ఇవ్వవద్దు, వాడికంటె ముందుగా నీవే నీ అధ్యాపకురాలికి చెప్పు. భయపడుతూనే వెళ్ళి చెప్పింది. కొన్న వ్యాసాన్ని సమర్పించలేదు గనుక ఆమె మందలింపుతో సరిపెట్టి, రచన నేర్పే తరగతికి పంపారు. తండ్రి బ్యాంకుకు వెళ్ళి కార్డును ఆపించాడు. ఇరవై నాలుగు వేలు మాత్రం పోయినట్లే.

అప్పట్లో ఇంగ్లండులో ఇటువంటి వ్యాపారాన్ని నేరంగా పరిగణించే ప్రత్యేక చట్టం లేదు. 2022లో చేసిన చట్టం ప్రకారం అక్కడ పరీక్షా వ్యాసాలు రాసి అమ్మడం, అలా అమ్ముతామని ప్రకటించుకోవడం రెండూ నేరాలే. ఆస్ట్రేలియా 2020లోనే అటువంటి చట్టం చేసింది. మన దేశంలో ఇంటర్నెట్‌లో సొమ్ము మోసపోయినవారు ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి.

చట్టాలు ఉండనీయండి. నన్ను ఎక్కువగా బాధించినది ఆ అమ్మాయి తరువాత చెప్పిన మాట. "అయివారూ, మూడు వేల పదాలు నా అంతట నేను రాయాలన్నారు. మనం ఎప్పుడూ అలా రాయలేదు కదా" అన్నది. నిజమే. వ్యాసరచన అంటే నేను నల్లబల్ల మీద రాసినది వారు దించుకోవడం, గైడులో ఉన్నది కంఠస్థం చేయడం. ఆ గైడు అట్టమీద "ఉత్తీర్ణత ఖాయం" అని ఎర్రని ముద్ర ఉండేది. ఆ ముద్రను చూపి కొనమన్నది నేనే! పరాయివాడి రాతను తన రాతగా చూపడం ఆ పిల్ల ఇంగ్లండులో నేర్చుకోలేదు, మా బడిలోనే నేర్చుకుంది.

అల్పసంఖ్యాక భాషలో చదివిన పిల్లలకు పై చదువులో రెట్టింపు బెదురు ఉంటుంది. తమ మాట చాలదనే సంశయంతో అడుగు పెడతారు. ఆ సంశయాన్నే ఈ అంగళ్ళు సొమ్ము చేసుకుంటాయి.

అప్పటినుండి నా తరగతిలో గైడు మూసేశాము. వారానికొక రోజు ప్రతి పిల్లా తన సొంత మాటలలో పది వాక్యాలు రాయాలి. తప్పులున్నా సరే. చివర ఎవరి సాయం తీసుకున్నారో కూడా రాయాలి. అక్క చెప్పింది, తాత చెప్పాడు, ఎవరూ చెప్పలేదు అని రాస్తారు. మొదటి నెలలో రెండు వాక్యాలకే కలం ఆగిపోయిన పిల్లలు ఏడాది చివరకు పుట నింపుతున్నారు.

ఆ రైతుకు నా తప్పును ఒప్పుకుని క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "సంతలో కట్ట విప్పకుండా ఒక్క పువ్వు కూడా ఎవురూ కొనరు అయివారూ. పైన మంచి పూలు పెట్టి లోపల వాడినవి దాచేవాళ్ళుండారని అందరికీ తెలుసు. ఇది కూడా విప్పి చూసుండాల" అన్నాడు.

మీ పిల్లలు ఏ ముద్రనైనా చూపి నమ్మవచ్చునా అని అడిగితే, దయచేసి ముందు కట్ట విప్పండి.