నాయనకు కుడి పక్క కుర్చీ

మా హలసూరు ఇంటి వరండాలో పేము కుర్చీలు రెండు ఉండేవి. ఒకటి నాయనది. దానికి కుడి పక్కన వేసింది కొడగు మామది. ఆయన ఊళ్లో లేని రోజుల్లో కూడా ఆ కుర్చీలో మేము కూర్చుంటే అవ్వ ఊరుకునేది కాదు. "లేయండ్రా, ఆయప్ప వస్తాడు" అనేది. విరాజపేట నుంచి ఆయప్ప రావడానికి ఇంకా రెండు నెలలుంటుంది, అయినా సరే.

వాళ్లిద్దరూ కలిసింది 1963లో, మద్రాసు పరంగిమలై దగ్గర. 1962లో చైనాతో యుద్ధం అయినాక సైన్యానికి ఆఫీసర్లు చాలక ఎమర్జెన్సీ కమిషన్ అని పెట్టి, చదువుకున్న పిల్లోళ్లను తీసుకున్నారు. వాళ్ల కోసమే అక్కడ ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూలు తెరిచినారు. నాయన అప్పుడే బెంగుళూరులో ఇంజనీరింగు ముగించినాడు. మామ మైసూరులో చదివినాడు. నాయనకు కన్నడ బాగా వచ్చు, మామకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఇద్దరూ మద్రాసు శాపర్లలో చేరినారు, అక్కడ జవాన్లతో మాట్లాడాలంటే అరవం కావాలి. అట్ల మొదట ఇద్దరికీ కామన్ అయింది ఇద్దరికీ సరిగా రాని అరవమే! తెలుగు మాత్రం మామకు మా అవ్వ దగ్గర వచ్చింది. శాపర్ల సెంటర్ మా ఇంటికి నడిచేంత దూరం, ఆదివారం వస్తే భోజనం ఇక్కడే. అందుకే ఆయన తెలుగు అచ్చం మా అవ్వ తెలుగు. "ఏమే, ఎట్లుండావు?" అని ఒక కర్నల్ అడుగుతుంటే మా స్నేహితులు నవ్వేవాళ్లు.

1971 డిసెంబరులో ఇద్దరూ షకర్‌గఢ్ దిక్కున ఉన్నారు, వేరే వేరే యూనిట్లలో. బసంతర్ వాగు చుట్టుపక్కల శత్రువు మైన్లు పాతిపెట్టి ఉన్నాడు. రాత్రిపూట వాటిని తీసి ట్యాంకులకు దారి చేసేది శాపర్ల పని. ఆ పని గురించి నాయన మాకు చెప్పింది చాలా తక్కువ. మైను తీసేవాడికి తొందర పనికిరాదు, వెనకాల ట్యాంకులవాళ్లకు మాత్రం తొందర, అంతే చెప్పేవాడు. ఒక పేలుడులో ఆయన ఎడమ చెవి పోయింది. 17వ తేదీ రాత్రి కాల్పులు ఆగినాక మామ ఎవరి జీపో అడుక్కుని వెతుక్కుంటూ వచ్చినాడంట. ఎడమ పక్కన నిలబడి పిలిస్తే నాయన తిరగలేదు. అప్పటి నుంచి మామ కూర్చున్నా, నడిచినా నాయనకు కుడి పక్కనే. అమ్మ కూడా ఒక్కోసారి మరిచిపోయేది, ఆయన మరవలేదు.

సెలవుల్లో మేము విరాజపేట పోయేవాళ్లం. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, వాటి కింద కాఫీ. సెప్టెంబరులో కైల్‌పోదు పండగకు తుపాకులన్నీ తుడిచి, పూలు పెట్టి పూజ చేసేవాళ్లు. అవ్వ మాంసం ముట్టదు. అందుకని అత్త ఒక కొత్త ఇత్తడి గిన్నె కొని అవ్వ పేరు చెప్పి అటక మీద పెట్టింది. పంది కూర వండే ఇంట్లో ఆ గిన్నెకు మాత్రం వేరే పొయ్యి, వేరే గరిటె. అవ్వ అక్కడికి పోయింది మొత్తం మీద మూడే సార్లు.

మామకు ఇష్టమైన కథ కరియప్పగారిది. 1965లో ఆయన కొడుకు విమానం కూలి పాకిస్తానుకు ఖైదీగా చిక్కినాడు. అప్పటి పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ ఒకప్పుడు కరియప్పగారి కింద పని చేసినవాడు. కొడుకును విడిచిపెడతానంటే, ఖైదీలందరూ నా కొడుకులే, నా వాడికి వేరే మర్యాద వద్దు అన్నాడంట ఆయన. మామ ఈ కథ చెప్పినప్పుడల్లా కొడవల గొప్ప అని మీసం దువ్వేవాడు, నాయన ఎగతాళి చేసేవాడు.

ఇక రాయడానికి కష్టమైన సంగతి. 1990లో ఒక ఆదివారం మామ, అత్త కాఫీపొడి, మిరియాలు పట్టుకుని వచ్చినారు. వాళ్ల పెద్దబ్బాయికి మా అక్కను అడిగినారు. ఆ అబ్బాయి అప్పటికి కెప్టెన్. అక్కకు ఇష్టమని ఇంట్లో అందరికీ తెలుసు. నాయన చాలాసేపు కాఫీ లోటా చేతిలో తిప్పి, "అమ్మ ఒప్పుకోదు" అన్నాడు. మామ "సరే" అన్నాడు. భోజనం చేసే పోయినారు.

సాయంత్రం ఈ మాట అవ్వ చెవిన పడింది. "నన్ను ఎవురు అడిగినారు?" అనింది. ఆ ఒక్క మాటే. నాయన తోటలోకి లేచిపోయినాడు. అవ్వను నిజంగా ఎవరూ అడగలేదు. భయం అవ్వది కాదు, నాయనది. చుట్టాలకు, కులం మాటకు భయపడినాడు. మైన్ల మధ్యలో నడిచిన మనిషి. "అయూబ్ ఖాన్‌కు దేశమే అడ్డం రాలేదు" అని అమ్మ ఒకసారి వంటింట్లో అనేసింది. అక్క పెళ్లి తరువాతి ఏడు హోసూరు సంబంధంతో అయింది. ఆమె బాగుంది. ఇది రాసే ముందు ఆమెకు చూపించినాం. "ఉన్నది రాయండి" అనింది.

ఆరేళ్లు రాకపోకలు లేవు. నాయన ఉత్తరం రాయలేదు. కానీ ప్రతి ఏడూ పుత్తరి పండగ అయినాక బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిన కాఫీపొడి సంచి వచ్చేది. చీటీ ఉండదు. నాయన ఆ కాఫీ తాగేవాడు, బాగుందని మాత్రం అనేవాడు కాదు.

1996లో అవ్వ పోయింది. ఎవరు కబురు చేసినారో మాకు ఇప్పటికీ తెలీదు. తెల్లవారుజామున మామ రాత్రి బస్సు దిగి, గుడ్డసంచిలో ఆ ఇత్తడి గిన్నె పెట్టుకుని వచ్చినాడు. పాడె ఎత్తేటప్పుడు చుట్టాల్లో ఒకాయన ఏదో అనబోతే నాయన "మా అమ్మకు వాడూ కొడుకే" అని మామను ముందుకు పిలిచినాడు. ఆ రోజు నుంచి పేము కుర్చీలు మళ్లీ రెండూ నిండినాయి. 1990 మాట ఇద్దరూ ఎత్తగా మేము వినలేదు.

2011లో నాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు మామకు డెబ్బై దాటింది, కర్ర పట్టుకుని వచ్చినాడు. మేము మంచానికి కుడి పక్క స్టూలు వేసినాం. ఆయన దాన్ని కర్రతో నెట్టుకుంటూ ఎడమ పక్కకు పోయి కూర్చున్నాడు.

"మామా, ఆ చెవి వినపడదు కదా" అన్నాం.

"తెలుసులేమ్మా" అన్నాడు.

మమ్మల్ని బయట ఉండమన్నాడు. తలుపు అద్దంలోంచి చూస్తుంటే ఆయన ముందుకు వంగి ఆ చెవిలో చాలాసేపు మాట్లాడుతున్నాడు. నాయన కళ్లు మూసుకునే ఉన్నాడు, చెయ్యి మాత్రం మామ కర్ర మీద పెట్టినాడు.