సెన్సార్ తప్పు కాదు, నేనే వేరే కాగితం ఇచ్చాను



పోయిన నెల నా మినీ ప్రాజెక్టు ఆగిపోయింది. రాస్ప్‌బెర్రీ పై 3 బోర్డుకి డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సార్ కలిపాను. మామూలుగా బూట్ చేస్తే పనిచేసేది. యూ-బూట్ మీదుగా బూట్ చేస్తే మాత్రం సెన్సారే కనబడేది కాదు. మూడు రోజులు వైర్లు మారుస్తూ కూర్చున్నా. రివ్యూకి ఇంక రెండు రోజులే ఉంది. "మనకి ఇవి రావులే, ఈ బ్రాంచి ఎందుకు తీసుకున్నానో" అనిపించింది.

పక్క రూము అన్న చూసి ఒకే మాట అడిగాడు: "కెర్నెల్‌కి డివైస్ ట్రీ ఎవరిస్తున్నారు రా?"

నాకు తెలీదు. అప్పుడు చదివాను. ఇలాంటి బోర్డుల్లో సెన్సార్ ఏ పిన్నుకి ఉందో, సీరియల్ పోర్టు ఏ అడ్రసులో ఉందో లినక్స్ తనంతట తాను కనుక్కోలేదు. అవన్నీ డివైస్ ట్రీలో రాసి ఉంటాయి. ఒక బూట్‌లోడర్ దాన్ని ర్యామ్‌లో పెట్టి, ఆ చోటు అడ్రసు తర్వాతి దానికి చెబుతుంది. 64 బిట్ ఆర్మ్‌లో కెర్నెల్‌కి ఆ అడ్రసు ఎక్స్0 రిజిస్టర్‌లో అందుతుంది.

పై బోర్డులో ముందు దాని ఫర్మ్‌వేర్ లేస్తుంది. అది డివైస్ ట్రీ తీసుకుని, కాన్ఫిగ్ ఫైల్లో మనం రాసిన ఓవర్‌లేలు కలిపి, యూ-బూట్‌కి ఇస్తుంది. నా సెన్సార్ వివరం ఆ ఓవర్‌లేలోనే ఉంది. నేనేమో ఎక్కడో చూసిన కమాండు కొట్టి, కార్డులోంచి డీటీబీ ఫైలు మళ్లీ లోడ్ చేసి దాన్నే కెర్నెల్‌కి ఇచ్చాను. అందులో ఓవర్‌లే లేదు.

యూ-బూట్‌లో ‘ఎఫ్‌డీటీ ప్రింట్’ కొట్టి రెండూ పోల్చాను. ఒకదాంట్లో వన్‌వైర్ నోడు ఉంది, ఇంకోదాంట్లో లేదు. బూట్ కమాండు చివర ‘ఎఫ్‌డీటీ_ఏడీడీఆర్_ఆర్’ తీసేసి, ఫర్మ్‌వేర్ ఇచ్చిన ‘ఎఫ్‌డీటీ_ఏడీడీఆర్’ పెట్టాను. 28తో మొదలయ్యే సెన్సార్ పేరు వచ్చేసింది. రివ్యూ అయిపోయింది.

మా ఇంట్లో నాకంటే ముందు కాలేజీకి వెళ్లినవాళ్లు లేరు. అడిగితే నవ్వుతారేమోనని మూడు రోజులు అడగలేదు. పోయింది ఆ మూడు రోజులే, తెలివి కాదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎక్కడైనా ఆగిపోతే ఆ రోజే ఇక్కడ రాయండి. నాకు తెలిసింది నేను చెబుతా, తెలియంది అన్నల్ని అడుగుదాం.