మంచులో పురిటిల్లు

ఉత్తర ధ్రువమును చుట్టియున్న ఆర్కిటిక్ సముద్రము శీతకాలమున గడ్డకట్టి తెల్లని మైదానమువలె కానవచ్చును. చూచువారికి అచట ప్రాణి యన్నది లేదనిపించును. కాని ఆ మంచుపలకల క్రిందనే సీలు జంతువులు జీవించుచున్నవి. అచటి సీళ్లలో మిక్కిలి చిన్నది వలయాల సీలు. నల్లని వీపుపై లేతరంగు ఉంగరములవంటి మచ్చ లుండుటచే దాని కా పేరు వచ్చినది.

సీలు నీట వసించునే గాని చేప కాదు. అది మనవలె ఊపిరితిత్తులతో గాలి పీల్చును, పిల్లకు పాలిచ్చును. చర్మము క్రింది దట్టమైన కొవ్వు కంబళివలె దానిని చలినుండి కాపాడును. చేపలను, రొయ్యజాతి ప్రాణులను వేటాడి తిన్నను, గాలికై అది మరల పైకి రావలసినదే. పైన మంచు కప్పియుండగా నెట్లు? శీతకాలారంభమున మంచు పలుచగా నున్నపుడే సీలు రంధ్రములు చేసికొనును. మంచు దళసరి యగుచున్న కొలది ముందరి కాళ్ల గోళ్లతో వానిని గీకుచు, మూసికొనిపోకుండ చూచుకొనును. మంచు 2 మీటర్ల మందమైనను ఆ దారి తెరచియే యుండును.

అట్టి రంధ్రముపై గాలికి పేరుకొన్న మంచుకుప్పను తొలిచి తల్లిసీలు గుహ చేసికొనును. మార్చి, ఏప్రిల్ నెలలలో అందు ఒక్క పిల్లను కనును. పిల్ల బరువు నాలుగైదు కిలోలు. ఒంటినిండ తెల్లని మెత్తని బొచ్చు. అప్పటికి దాని దేహమున కొవ్వు చేరియుండదు. తడిసినచో చలికి తాళజాలదు. ఆ మంచుకప్పే దానికి చలినుండియు, తెల్ల ఎలుగుబంటినుండియు, నక్కనుండియు రక్ష. తల్లి ఒక్క గుహను నమ్ముకొని యుండదు. సమీపమున మరికొన్ని తొలిచియుంచి, ఆపద వచ్చినపుడు పిల్లను అచటికి తరలించును.

నేడు ఈ పురిటిల్లే ఆపదలో నున్నది. బొగ్గు, చమురు విరివిగా మండించుటచే భూమి వేడెక్కుచున్నది. మంచు ఆలస్యముగా ఏర్పడి త్వరగా కరుగుచున్నది. మంచు కురియవలసిన దినములలో వాన కురిసినచో గుహకప్పు కూలి, పిల్ల శత్రువుల కంట బడును.

ఈ జాతిలోని ఒక శాఖ, మంచుయుగము ముగిసిన పిదప సముద్రమునకు దూరమై, ఫిన్లాండు దేశమందలి సైమా సరస్సున నిలిచిపోయినది. 1980 తరువాతి సంవత్సరములలో వాని సంఖ్య 200 కంటె తక్కువగా నుండెను. వసంతమున చేపల వలలు వేయుటను కట్టుదిట్టము చేసిరి. 2014 నుండి, మంచు చాలని సంవత్సరములలో, అచటి స్వచ్ఛంద సేవకులు పారలు పట్టి గడ్డకట్టిన సరస్సుపై మంచును కుప్పలుగా పోయుచున్నారు. సీళ్లు ఆ కుప్పలను తొలుచుకొని పిల్లలను కనుచున్నవి. ఇప్పు డవి 400 దాటినవి.

మానవుడు తలచినచో ఒక ప్రాణికి ఇల్లు నిలుపగలడు. కాని సరస్సుపై పనిచేసిన పార సముద్రమంతటికి చాలదు. అచట మంచు నిలువవలె నన్నచో భూమి వేడిని అరికట్టుటయే మార్గము.