ముగింపు నిల్వ

మార్చి నెలాఖరు వచ్చిందంటే మా ఆఫీసులో కుర్చీలు ఖాళీ. అందరం కొట్లలోనూ గోడౌన్లలోనూ సరుకు లెక్కపెడుతూ తిరుగుతుంటాం. విజయవాడలో ఒక ఆడిట్ ఆఫీసులో పదమూడేళ్లుగా నాది ఇదే పని. 2024 మార్చి 30న వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్టు పై అంతస్తులో చీరల కట్టలు లెక్కపెడుతూ ఓ మూల ఆగాను. మూడేళ్లుగా నా జాబితాలో అవే కట్టలు, అవే నంబర్లు.

"వీటిని ఇంకెన్నాళ్లు ఉంచుతారు బాబాయిగారూ?" అని కొట్టు యజమానిని అడిగాను.

"సూరత్‌లో సగం ధరకు ఇస్తున్నారంటే ఆశపడి తెచ్చానమ్మా. ఇప్పుడు కూర్చుని నా అద్దె తింటున్నాయి" అన్నారాయన.

ఆ రాత్రి పాప నిద్రపోయాక ల్యాప్‌టాప్ తెరిచాను. రోజూ ఆ గంటే నాది. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో నా లైబ్రరీ చూస్తుంటే ఆ మూల గుర్తొచ్చింది. కాగితం తీసుకుని కూర్చున్నాను. 2018 నుంచి ఆరేళ్లలో కొన్న ఆటలు 71. ఈమెయిల్‌లో ఉన్న రసీదులన్నీ కూడితే 38,400 రూపాయలు. చివరిదాకా ఆడినవి 6. మిగిలిన 65లో 44 ఆటలను కనీసం ఒక్కసారి కూడా తెరవలేదు.

సరుకు విలువ కట్టడానికి మాకొక నియమం ఉంది. కొన్న ధర, ఇప్పుడు అమ్మితే చేతికొచ్చే ధర, రెంటిలో ఏది తక్కువైతే అదే పుస్తకంలో రాయాలి. అకౌంటింగ్ స్టాండర్డ్ 2 చెప్పేది అదే. బాబాయిగారి చీరలకు కనీసం ఆషాఢం సేల్‌లో ఎంతో కొంత వస్తుంది. నా ఆటలకు ఏమీ రాదు. డిజిటల్‌గా కొన్న ఆటను మరొకరికి అమ్మే వీల్లేదు. మనం కొనేది ఆట కాదు, ఆడుకునే లైసెన్సు మాత్రమేనని 2024 అక్టోబరు నుంచి స్టీమ్ డబ్బు కట్టే పేజీలోనే రాసి చూపిస్తోంది. కాబట్టి నా దగ్గరున్న 71 ఆటలకు అమ్మకపు విలువ సున్నా. ఆడితేనే వాటికి విలువ.

ఆటల ఖర్చును గంటల్లో కొలవడం నాకు కొత్త కాదు. 2004లో గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వెనక సందులో ఒక నెట్ సెంటర్ ఉండేది. గంటకు 15 రూపాయలు. అన్నయ్య ఇంటర్, నేను తొమ్మిది. నాన్న ఇచ్చిన చిల్లర ఇద్దరం కలిపి గంట కొనుక్కునేవాళ్లం. ముప్పై నిమిషాలు వాడు, ముప్పై నిమిషాలు నేను. వాడికి ప్రాజెక్ట్ ఐజీఐ, నాకు వైస్ సిటీ. ఐజీఐలో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీల్లేదు, చస్తే మళ్లీ మొదటికే. వైస్ సిటీలో సేవ్ చేసుకోవచ్చు కానీ అది ఏడో నంబరు కంప్యూటర్‌లోనే ఉంటుంది. దాంట్లో ఎవరైనా కూర్చుంటే ఆ రోజు నా ఆట లేనట్టే. ఓ వేసవిలో ఆ కంప్యూటర్‌ను ఫార్మాట్ చేశారు. రెండు నెలల ఆట పోయింది. ఆ రోజుల్లో ముగింపు చూసినవాళ్లెవరూ మాకు తెలియదు. గంట గడిస్తే లేవాలి, అంతే. ఒక ఆటను మొదటినుంచి చివరిదాకా ఆడటం ఇంట్లో కంప్యూటరున్న పిల్లలు చేసే పని అనుకునేదాన్ని.

ఉద్యోగం వచ్చాక ఆ కొరత తీర్చుకుంటూ కొన్నానని ఇప్పుడు అర్థమవుతోంది. స్టీమ్‌లో 2015 నుంచి రూపాయల్లో ధరలుంటాయి. యూపీఐ వచ్చాక డబ్బు కట్టడానికి క్షణం పట్టదు. జూన్ నెలాఖరులో వేసవి సేల్, డిసెంబరులో శీతాకాలం సేల్. డెబ్భై అయిదు శాతం తగ్గింపు అని ఆకుపచ్చ గడిలో కనబడితే, ఇప్పుడు కొనకపోతే నష్టం వస్తుందన్న భయం. ఆ భయంతో కొన్నవే ఆ 44. వాటి కోసం పెట్టిన డబ్బు 21,700. తగ్గింపు వల్ల మిగిలిందనుకున్నదంతా నిజానికి ఖర్చే. ఆడటానికి కొన్న ల్యాప్‌టాప్ సంగతీ అంతే. 2021 దసరాకు నో కాస్ట్ ఈఎంఐ అంటే తీసుకున్నాను. ధరలో తగ్గించిన మొత్తాన్నే బ్యాంకు వడ్డీగా వేసుకుంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, ప్రాసెసింగ్ ఫీజు కలిపి నాకు 1,400 రూపాయలు దాటింది. క్లయింట్లకు ఈ సంగతి నేనే చెబుతుంటాను. నా బిల్లు నేను చదువుకోలేదు.

ఆ కాగితం మీదే ఇంకో పాత లెక్క కూడా రాశాను. అది రాయడానికి చాలాసేపు పట్టింది.

2015 మార్చిలో పన్ను మినహాయింపు కోసం హడావుడిగా ఒక ఎండోమెంట్ పాలసీ తీసుకున్నాను. ఇరవై ఏళ్లు, ఏడాదికి 24,000. రెండు ప్రీమియంలు కట్టాను. మూడోది కట్టాల్సిన సమయానికి పాప పుట్టింది, జీతం లేని సెలవులో ఉన్నాను, వచ్చే నెల చూద్దాం అనుకున్నాను. ఆ వచ్చే నెల రానే లేదు. అప్పటి నియమాల ప్రకారం అలాంటి పాలసీకి మూడేళ్లు ప్రీమియం కడితేనే సరెండర్ విలువ వస్తుంది. నేను రెండేళ్లే కట్టాను. 48,000 రూపాయలు, ఒక్క పైసా తిరిగి రాలేదు. ఆరేళ్లలో నేను కొన్న ఆటలన్నిటి ఖరీదుకన్నా అది ఎక్కువ. 2024 అక్టోబరు 1 నుంచి ఈ నియమం మారింది. ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టినా, ఆ మొదటి ఏడాది గడిచాక ఎంతో కొంత తిరిగి ఇవ్వాలి. నాలాంటివాళ్లు ఎంతమంది ఉండి ఉంటారో ఆ మార్పు చూస్తేనే తెలుస్తుంది.

రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే జబ్బు ఒకటేనని కనబడింది. కొనేటప్పుడు ఉత్సాహం, మధ్యలో మరుపు. మానేద్దామని ఎప్పుడూ అనుకోలేదు, కొనసాగిద్దామని కూడా అనుకోలేదు. పుస్తకంలో అలాగే మోస్తూ పోయాను.

2024 ఏప్రిల్ 1న రెండు పనులు చేశాను. ఈ ఆర్థిక సంవత్సరంలో కొత్త ఆట కొనకూడదని రాసుకున్నాను. ఆటలకు ఏటా సగటున 6,400 అవుతోంది కాబట్టి, పోస్టాఫీసులో నెలకు 500 చొప్పున అయిదేళ్ల ఆర్‌డీ మొదలుపెట్టాను. వడ్డీ 6.7 శాతం. ఆర్‌డీనే ఎంచుకోవడానికి కారణం ఉంది. దానికొక ముగింపు తేదీ ఉంటుంది. అరవై నెలలు ఆపకుండా కట్టడం నాకు సాధన.

ఇక ఆటలు. మొదట తెరిచింది పేపర్స్, ప్లీజ్. 1982లో ఒక ఊహాదేశపు సరిహద్దులో పాస్‌పోర్టులు తనిఖీ చేసే గుమాస్తా కథ. ఎంతమందిని సరిగ్గా పరీక్షిస్తే అంత కూలి. తప్పు చేస్తే మొదట హెచ్చరిక, తర్వాత కోత. రాత్రికి ఇంటి లెక్క వస్తుంది: అద్దె, తిండి, చలికి వేడి, అత్తగారికి మందు. అన్నిటికీ చాలదు, ఏదో ఒకటి కొట్టెయ్యాలి. ఇలాంటి పేజీ నేను మా అమ్మ దగ్గర చూశాను. క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసేది. పాలవాడు, కిరాణా, అన్నయ్య ఫీజు. పక్కన కొట్టేసిన గీతలు. ఆటలో ఆ గీతలు నేనే కొట్టాల్సి వచ్చేసరికి అమ్మ ఏం కొట్టేసిందో మొదటిసారి ఆలోచించాను. చాలావరకు ఆమె మందులే.

పేపర్స్, ప్లీజ్ చేసిన లూకస్ పోప్‌దే రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్. 2020లో రెండు గంటలు ఆడి వదిలేశాను. కనిపించకుండా పోయిన ఓడ ఒకటి 1807లో తిరిగొస్తుంది. అందులో ప్రయాణించిన 60 మంది ఎవరెవరు, ఎలా పోయారు అన్నది తేల్చడానికి ఈస్టిండియా కంపెనీ తరఫున వెళ్లే బీమా ఇన్‌స్పెక్టర్‌వి నువ్వు. నా వృత్తికి ఇంత దగ్గరైన ఆట మరొకటి లేదు. ఎదురుగా ఉన్నది ఆధారం, రాయాల్సింది జాబితా, ఊహించి రాస్తే ఆట ఒప్పుకోదు. ముగ్గురి సంగతి సరిగ్గా తేలితేనే ఆ ముగ్గురినీ ఖాయం చేస్తుంది. మే నెలలో పది రాత్రులు దానికే పోయాయి. అన్నీ తేలాక చివర్లో ఎవరి కుటుంబానికి ఎంత పరిహారం, ఎవరికి జరిమానా అన్నది పేరుపేరునా వస్తుంది. ఆ పేజీ చదువుతూ రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. ప్రతి పేరు వెనకున్న చావునూ నేను చూశాను కాబట్టి ఆ అంకెలు బరువుగా అనిపించాయి. రెండు గంటల దగ్గర వదిలేసినదానికి ఆ పేజీ ఎన్నటికీ కనబడేది కాదు. కొన్ని ఆటలు తమ విలువంతా చివర్లో పెడతాయి, పాలసీ లాగే.

స్టార్‌డ్యూ వ్యాలీ వేరే రకం. ఎరిక్ బరోన్ ఒక్కడే కూర్చుని నాలుగేళ్లకు పైగా కష్టపడి చేసిన ఆట. తాత వదిలిన పొలం, చేతిలో 500 నాణేలు, పదిహేను విత్తనాలు. పండిందాన్ని అమ్మి, వచ్చినదాన్ని మళ్లీ విత్తనాల్లో పెట్టి ఎదగాలి. తెనాలి దగ్గర మా తాతయ్యది కౌలు సేద్యం. అందుకే ఆడినన్నాళ్లూ ఒక్క విషయం నన్ను పట్టుకుంది. ఆ ఊళ్లో అప్పిచ్చేవాడు లేడు. వర్షానికి పంట పడిపోదు. ఎరువుల కొట్టులో అరువు ఉండదు, కోతలయ్యాక ఆ అరువు పోను చేతికి ఎంత మిగులుతుందో అన్న బెంగ ఉండదు. తాతయ్యకు వడ్డీ లేని అలాంటి మూడేళ్లు ఒక్కసారి దొరికి ఉంటే ఏమయ్యేదో. మూడో ఏడు మొదట్లో ఆటలో తాత ఆత్మ వచ్చి నీ పొలాన్ని చూసి మెచ్చుకుంటుంది. అరవై గంటలు ఆడి అక్కడిదాకా వెళ్లాను.

పోర్టల్ 2, సెలెస్ట్, పుణె వాళ్లు చేసిన రాజీ చకచకా అయిపోయాయి. హాలో నైట్‌కు 34 గంటలు, విచర్ 3కి 71. విచర్ ఆడుతూ రెండుసార్లు ఆపేద్దామనుకున్నాను. ఆపనందుకు సంతోషంగా ఉంది.

నియమం ఒకసారి తప్పాను. డిసెంబరు సేల్‌లో మూడు ఆటలు, 1,140 రూపాయలు. అందులో పూర్తిచేసింది వెన్బా ఒక్కటే. కెనడాకు వెళ్లిన ఒక తమిళ కుటుంబం కథ. అమ్మ రాసిచ్చిన వంటల పుస్తకం చిరిగి మరకలు పడి ఉంటుంది. పోయిన అక్షరాలను ఊహించుకుంటూ ఇడ్లీ దగ్గర మొదలుపెట్టి వండాలి. కొడుకు పెరిగేకొద్దీ అమ్మ భాష వదిలేస్తుంటాడు. గంటన్నరలో అయిపోయింది. అయిపోగానే డాలస్‌లో ఉన్న అన్నయ్యకు ఫోన్ చేశాను.

"ఏంటే, ఈ టైములో?"

"ఏం లేదన్నయ్యా. ఒకసారి బుజ్జిగాడికి ఇవ్వు, తెలుగులో మాట్లాడిస్తా."

వెన్బా ధరను గంటలతో భాగిస్తే గంటకు 208 రూపాయలు. ఏడాదిలో పూర్తిచేసిన తొమ్మిది ఆటల మీద ఎప్పుడో పెట్టిన 2,650ని 212 గంటలతో భాగిస్తే గంటకు పన్నెండున్నర. బ్రాడీపేట రేటుకన్నా తక్కువ. గంట రేటు దుబారాను పట్టిస్తుంది. విలువ కట్టడానికి మాత్రం పనికిరాదు. వెన్బాను మళ్లీ అదే ధరకు కొంటాను. ఆ 212 గంటలు ట్యూషన్లు చెబితే ఎంతొచ్చేదో మా వారు ఓసారి లెక్కేశారు. ఆ లెక్కను నేను ఒప్పుకోను. రోజంతా ఇతరుల పద్దులు చూసే మనిషికి రాత్రి ఆ గంట కావాలి. దానికి నేను కూలి కట్టను.

ఫిబ్రవరిలో ఇంకో పని చేశాను. మిగిలిన జాబితాలో 17 ఆటలను రైటాఫ్ చేశాను. తోటి ఆటగాళ్లు లేకపోతే ఆడలేనివి కొన్ని, తగ్గింపు తప్ప మరో కారణం లేకుండా కొన్నవి కొన్ని, ఒకటి మాత్రం పదకొండు గంటలు ఆడాక నాకు నచ్చలేదని తేల్చుకున్నది. వాటి మీద పోసిన 9,350 తిరిగి రాదు. డబ్బు పెట్టాం కదా అని ఇంకో నలభై గంటలు పొయ్యడం తప్పు. నిర్ణయించుకుని ఆపడం వేరు, పట్టించుకోక ఆగిపోవడం వేరు. 2017లో ఆ పాలసీ మీద ఒక్క పూట కూర్చుని ఉంటే, కిందామీదా పడి మూడో ప్రీమియమైనా కట్టేదాన్ని, లేదంటే ఇక లేదని అప్పుడే తేల్చేసుకుని ఆ తర్వాతి డబ్బును దారిలోనైనా పెట్టేదాన్ని. రెండూ చెయ్యలేదు. మార్చిలో మా దగ్గరకు వచ్చే క్లయింట్లలో ఎవరైనా పన్ను కోసం పాలసీ అంటే, ఇప్పుడు ముందు అడిగేది ఒకటే: మూడో ఏడు ఈ డబ్బు ఎక్కడనుంచి వస్తుంది?

2025 మార్చి 31 రాత్రి పుస్తకం మూశాను. ప్రారంభ నిల్వ 65, కొన్నవి 3, పూర్తయినవి 9, రైటాఫ్ 17, ముగింపు నిల్వ 42. ఆర్‌డీలో పన్నెండు వాయిదాలు పడ్డాయి, నలభై ఎనిమిది ఉన్నాయి. మర్నాడు రాత్రి పాప పడుకున్నాక డిస్కో ఎలీసియం మొదలుపెట్టాను.