నాలుగున్నర వేల సెట్టింగు

సినిమాలో హీరోయిన్ పడగ్గది చూసి నిట్టూర్చని ఇల్లాలు ఎవరైనా ఉన్నారా, చెప్పండి! గుండ్రటి మంచం, గాలికి ఊగే తెరలు, పక్కన పూలకుండీ, కిటికీలోంచి వెన్నెల... కథ మరిచిపోయినా ఆ గది మాత్రం మనసులో ఉండిపోతుంది. నేనూ ఆ కోవలోదాన్నే. తిరుపతిలో కాపురానికి వచ్చిన నాటినుంచీ అలాంటి గది ఒక్కటైనా ఉండాలని కోరిక. ముప్ఫై ఏళ్లు గడిచాయి. కోరికా అలాగే ఉంది, గదీ అలాగే ఉంది.

నిరుడు దానికి ముహూర్తం కుదిరింది. కానీ సంతోషంగా కుదిరింది కాదు. డెబ్బై ఎనిమిదేళ్ల మా అత్తగారు పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషను అయింది. ఇంటికొచ్చాక వాకరు పట్టుకుని నాలుగడుగులు వేయడమే గగనం, మిగతా పొద్దంతా మంచమే. ఆమె గది మరీ ఇరుకని మేడమీది మా పడగ్గదికి చేర్చాం. అంతవరకు ఇంటిల్లిపాదినీ అదిలించి పనిచేయించిన మనిషి, అన్నం పెడితే తినడం, మాత్ర ఇస్తే మింగడం, గోడవైపు తిరిగి పడుకోవడం! "ఏం అత్తా, ఎట్లుంది?" అని అడిగితే "ఏం ఉండాది లేమ్మే" అనడం. ఆ ఒక్క మాటే.

గది కాస్త కళగా ఉంటే మనసు తేలికపడుతుందేమోనని నాకు తోచింది. నిజం చెప్పొద్దూ, ఆ వంకతో నా పాత కోరిక కూడా తీరుతుందని లోపల ఒక మూల ఆశ! ఇళ్లు అలంకరించే ఒకాయన్ని పిలిపించాం. గదంతా కొలిచి, చేతిలోని టాబ్లెట్‌లో రంగురంగుల బొమ్మలు చూపించి, రెండు లక్షల ఎనభై వేలన్నాడు. మా వారు ఆయనకు కాఫీ ఇచ్చి, గేటుదాకా మర్యాదగా సాగనంపి వచ్చి, "నీకు ఐదు వేలు ఇస్తాను, రాజమహలు కట్టుకో" అన్నారు.

సరే, కడతానన్నాను. ముందుగా చేసింది పెద్ద తప్పు. ఏదో సినిమాలో జమీందారు గారి పడగ్గది ముదురు కుంకుమరంగులో చూసిన గుర్తు. అదే రంగు డబ్బా తెచ్చి, మంచానికి ఎదురుగోడకు మా వాడి చేత వేయించాను. ఎండిన తర్వాత చూస్తే పగలే దీపం పెట్టుకోవాల్సి వచ్చింది. ముదురురంగు గోడ వెలుతురును మింగేస్తుంది. సినిమాలో ఆ రంగు మెరవాలంటే దానిమీద వేల వాట్ల లైట్లు పోస్తారు. మా ఇంట్లో ఉన్నది ఒక్క ట్యూబులైటు! అత్తగారు కళ్లు తెరిచి చూసి, "ఏందిమే ఇది, రైలు సొరంగం మాదిరి ఉండాది" అన్నారు. పడిన తర్వాత ఆమె నోటినుంచి వచ్చిన పెద్దమాట అదే కనుక సంతోషించాలో, ఏడవాలో తెలియలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక పడుకుంటే చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. 1980ల్లో బంధువుల ఇంటికని మద్రాసు వెళ్లినప్పుడు వడపళనిలో ఒక స్టూడియో చూపించారు. ముందునుంచి చూస్తే పాలరాతి స్తంభాలు, బంగారు తలుపులు. వెనక్కి వెళితే సర్వీ కర్రలు, గోనెపట్టాలు, ప్లాస్టరు, మేకులు! "ఇదేందిరా, ఈ పక్క ఏమీ లేదే" అంటే మమ్మల్ని తీసుకెళ్లినాయన నవ్వి, కెమెరా ఆ పక్కకు రాదమ్మా అన్నాడు.

మన పెద్దవాళ్లు ఈ కిటుకుతోనే ఎన్ని అద్భుతాలు చేశారు! 1957లో వచ్చిన 'మాయాబజార్' చూడండి. కె.వి.రెడ్డి గారు దర్శకులు, గోఖలే, కళాధర్ గార్లు కళాదర్శకులు. తెరమీద మనం నోరెళ్లబెట్టి చూసే ద్వారకానగరం, వాహినీ స్టూడియోలో యాభై అడుగులకు అరవై అడుగుల జాగాలో పేర్చిన అడుగెత్తు బొమ్మ ఇళ్లే, మూడు వందల దాకా. పడవ పాటలో మనమంతా తడిసిన వెన్నెల, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ గారి దీపాల చలవ. ఊరంతా కట్టలేదు, చంద్రుణ్ణి దించలేదు. చూసే కన్ను ఎక్కడుందో తెలుసుకుని, అక్కడినుంచి కనబడేంత మేరకే కట్టారు.

తెల్లవారగానే అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె మంచంమీద, ఆమె దిండుమీద నేను వెల్లకిలా పడుకున్నాను. "నీకేమొచ్చిందిమే?" అన్నారు. "కెమెరా ఎక్కడుందో చూస్తా ఉండాను అత్తా" అన్నాను.

ఏం కనబడిందో చెబితే సిగ్గుగా ఉంది. ట్యూబులైటు సూటిగా కళ్లలో పొడుస్తోంది. ఫ్యాను రెక్కల అంచుల మీద మూడు నెలల దుమ్ము. గోడకు వేలాడే వైర్లు. ఎదురుగా నా కుంకుమ సొరంగం. దేవస్థానం కేలండరు నిలబడిన మనిషి ఎత్తులో ఉంది గనుక, పడుకున్న మనిషికి స్వామివారి బదులు పైనున్న గాజు మెరుపు మాత్రం కనబడుతోంది. కుడిపక్క ఉత్తరపు గోడ నిండా ఇనప బీరువా. ఇన్నాళ్లూ నేను గదిని గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆ గదిలో బతుకుతున్న మనిషి పడుకుని చూస్తోంది!

ఇక పని మొదలైంది. గోడకు మళ్లీ రంగు, ఈసారి మీగడరంగు. పాత రంగు కనబడకుండా రెండు పూతలు వేయాల్సి వచ్చింది. పన్నెండు వందలు. ట్యూబులైటు ఆపేసి, పసుపువన్నె చిన్న బల్బు ఒకటి తలవైపు కింద గోడకు తిప్పి పెట్టాం. వెలుతురు గోడను తాకి మెత్తగా వెనక్కి వస్తుంది, కంట్లో పడదు. పలమనేరు నుంచి ఎప్పుడో తెచ్చిన మట్టి కూజా ఒకటి అటకమీద ఉంటే దించి దాని ముందు పెట్టాం, బల్బు చాటుకు. మూడు వందల యాభై.

తెరల కోసం నావే రెండు పాత వెంకటగిరి నూలు చీరలు తీశాను. మెత్తబడిన నూలు ఎండను ఆపదు, జల్లెడ పట్టి పంపుతుంది. ఐదున్నర మీటర్ల చీరను మధ్యకు కత్తిరిస్తే కిటికీకి రెండు రెక్కలు. అంచు కిందికి, కొంగు పక్కకు రాకుండా చూసుకోవాలి. కుట్టుకూలి, రాడ్లు కలిపి తొమ్మిది వందలు.

తర్వాత శ్రీకాళహస్తి వెళ్లాను. అత్తగారి పుట్టిల్లు అదే. అక్కడి కలంకారీ అచ్చులతో అద్దేది కాదు, కలంతో చేత్తో గీసేది. అచ్చుల పని మచిలీపట్నానిది. కాళహస్తి వాళ్లు గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల సిరా చెదరదు. ఇనపముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టి నలుపు తీస్తారు. చింతబరికె బొగ్గుతో బొమ్మ గీస్తారు. అంతరించబోయిన ఈ పనికి 1950ల్లో కమలాదేవి చటోపాధ్యాయ గారి పూనికతో మళ్లీ ఊపిరొచ్చింది. ఆ ఊరి గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ కూడా వచ్చింది. పెద్ద పటాలు మనకందవు. చిలకలున్న చెట్టు, రెండు జానల ముక్క పదహారు వందలకు దొరికింది. అన్నట్టు, కొనేముందు ఒకే రకం పువ్వులు రెండింటిని పక్కపక్కన చూడండి. చేతిపని అయితే ఏ రెండూ అచ్చంగా ఒకటి కావు. చుక్క తేడా లేకుండా ఉన్నాయంటే అది యంత్రం పని. దానికి ఫ్రేము నాలుగు వందల యాభై. ఎక్కడ తగిలించాను? మంచం పక్క గోడకు, దిండుకు మూడడుగుల ఎత్తులో! వచ్చిన చుట్టాలు "ఇంత కిందికి కట్టారేంది?" అన్నారు. అది చుట్టాల కోసం కట్టింది కాదండీ.

అత్తగారు ఆ గుడ్డను చాలాసేపు చూశారు. ఫ్రేము కట్టించకముందే ముక్కు దగ్గర పెట్టుకుని, "పాల వాసన పోలేదే ఇంకా" అన్నారు. చిన్నప్పుడు స్వర్ణముఖి ఇసకలో ఈ గుడ్డలు ఆరేసి ఉంటే పిల్లలంతా వాటి మధ్య పరుగెత్తేవాళ్లట, తిట్లు తినేవాళ్లట. అన్నం తింటూ చెప్పారు. తిన్న తర్వాతా చెప్పారు.

ఇక మిగిలింది బీరువా. నలుగురు కలిసి దాన్ని జరిపి, ఆమె తలవెనక మూలకు చేర్చారు, సెట్టు వెనక సర్వీ కర్రల మాదిరి. జరిపితే ఏముంది వెనక? కిటికీ! ఇన్నేళ్లూ మేమే మూసిపెట్టుకున్న ఉత్తరపు కిటికీ. మంచం తిప్పి, తల దక్షిణానికి పెట్టాం. పెద్దలు చెప్పిన దిక్కూ అదే కదా. మా ఊళ్లో ఉత్తరాన ఏముందో చెప్పనక్కర్లేదు.

ఆ రాత్రి మందు ఇవ్వడానికి వెళితే అత్తగారు మేలుకునే ఉన్నారు. పక్క మేడ అంచుకు ఆవల, చీకట్లో కొండ. మెట్లదారి దీపాలు వంకరగా పైకి పోతున్నాయి. పైన గాలిగోపురం వెలుగుతోంది.

"మే, ఇట్లరా. ఆ దీపాలు చూడు, ఎట్ల ఎలగతా ఉండాయో. పెండ్లయిన ఏడు నేనూ మీ మామా ఆ మెట్లన్నీ ఎక్కి పోయినాము. మోకాళ్ల పర్వతం కాడ ఆయప్ప కూర్చుండిపోయినాడు, నేను పోయినా."

నవ్వారు. ఆ నవ్వు విని నాలుగు నెలలయింది.

లెక్క చూసుకుంటే మొత్తం నాలుగు వేల ఐదు వందలు. మొదటి కుంకుమరంగు డబ్బా మాత్రం నా అజ్ఞానపు ఖాతాలో రాసుకున్నాను. మిగతా ఐదు వందలు మా వారికి తిరిగివ్వలేదు. అన్నిటికన్నా గొప్ప అలంకారానికి పైసా ఖర్చు కాలేదు. ఒక బీరువా పక్కకు జరిగింది, అంతే.

మీరు కూడా గది సింగారించే ముందు ఒక్కపూట ఆ గదిలో ఎక్కువసేపు గడిపే మనిషి చోట పడుకుని చూడండి. రంగుల డబ్బాలు తర్వాత కొనొచ్చు.

అత్తగారు ఇప్పుడు వాకరుతో వసారా దాకా వస్తున్నారు. కొత్త ఫిర్యాదు కూడా మొదలైంది. కిటికీ తెర గాలికి అడ్డం పడి గాలిగోపురం కనబడడం లేదట. ఆ చీరకొంగు ముడివేసి కట్టమని రోజూ పోరు!